తెగిపోయిన క్రావడి: నాన్నగారి లాప్‌టాప్ డైరీ

2024 జనవరి 12, శుక్రవారం రాత్రి, తణుకు

పండక్కి ఇంటికొచ్చాను. ఈ సెలవుల్లో పెట్టుకున్న పని ఒకటే, నాన్నగారికి లాప్‌టాప్ సిద్ధం చెయ్యడం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న పాత మిషను ఇది. 4 జీబీ ర్యామ్, 1366 బై 768 తెర. హైదరాబాద్‌లోనే పాత డిస్కు తీసేసి ఎస్ఎస్‌డీ వేయించాను, దాని మీద డెబియన్ 12 అనే లినక్స్ ఎక్కించాను. డెస్క్‌టాప్‌గా ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.18 పెట్టాను. ఇంత తక్కువ మెమరీ ఉన్న మిషను మీద అది హాయిగా నడుస్తుంది.

నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరయ్యారు. వీధిలో పిల్లలకి చెబుతున్న ఛందస్సు, వ్యాకరణ పాఠాలని టైపు చేసి దాచుకోవాలని ఆయన కోరిక. ఫోన్లో కొంతవరకూ కొట్టారు కానీ రెండు పేజీలు దాటేసరికి కళ్లూ వేళ్లూ నొప్పెడుతున్నాయట.

భాష తెలుగుకి మార్చి, కింది పట్టీలో గడియారం పెట్టి (పైన టైము, దాని కింద వారం), ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"ఏమ్మా, ఇక్కడ శుకవారం అని పడింది. శుకం అంటే చిలక కదా."

నిజమే. పట్టీ ఎత్తు 26 పిక్సెళ్లు. రెండు వరుసల అక్షరాలకి అది చాలక కింది వరుస అడుగు తెగిపోయింది. తెగిన ఆ కాస్తలోనే క్రావడి (ర ఒత్తు) ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో గీత కిందికి దిగేవి నాలుగైదే, అవీ కొంచెమే దిగుతాయి. మన ఒత్తులు కింద ఇంకో అంతస్తు కట్టుకుంటాయి. ఇంగ్లీషును చూసి కొలిచిన పట్టీలో ఆ అంతస్తు పట్టదు.

సెట్టింగ్స్ కిటికీలన్నీ తెరిచి చూశాను. పట్టీ ఎత్తు మార్చే మీట దొరికింది. కానీ కిటికీల తలపట్టీ, మెనూల వరుసల మధ్య ఎడం, ఏ లిపికి ఏ ఫాంటు ముందు వాడాలన్న క్రమం, ఇవేవీ ఆ కిటికీల్లో లేవు. ఉన్నవన్నీ చుక్క ఫైళ్లలో ఉన్నాయి. రేపటి నుంచి అక్కడే పని. ఏం మార్చానో మర్చిపోకుండా ఈ డైరీలో రాసుకుంటాను.

జనవరి 13, శనివారం

ముందుగా చుక్క ఫైళ్ల సంగతి. నాన్నగారు అడిగారు కాబట్టి ఆయనకి చెప్పినట్టే ఇక్కడా రాస్తున్నాను.

లినక్స్‌లో పేరు చుక్కతో మొదలయ్యే ఫైలుగానీ ఫోల్డరుగానీ మామూలుగా కనిపించదు. ఫైళ్ల కిటికీలో కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటికొస్తాయి, మళ్లీ నొక్కితే దాక్కుంటాయి. ఇది ఎవరో ఆలోచించి పెట్టిన ఏర్పాటు కాదు. లినక్స్‌కి పూర్వీకుడైన యునిక్స్ తొలి రోజుల్లో ప్రతి ఫోల్డరులోనూ ఒంటి చుక్క, జంట చుక్కలు అనే రెండు పేర్లు ఉండేవి (ఇప్పటికీ ఉన్నాయి). జాబితా చూసినప్పుడల్లా ఆ రెండూ అడ్డం రాకుండా, మొదటి అక్షరం చుక్క అయితే వదిలెయ్యమని ఎవరో పొట్టి దారిలో రాశారు. దాంతో చుక్కతో మొదలయ్యే పేర్లన్నీ మాయమయ్యాయి. ప్రోగ్రాములు రాసేవాళ్లు దాన్ని అలుసుగా తీసుకుని తమ సెట్టింగులన్నీ అలాంటి పేర్లతో వాడేవాళ్ల ఇంటి ఫోల్డరులో పడెయ్యడం మొదలుపెట్టారు. ఈ కథ 2012లో, యునిక్స్ మీద పనిచేసిన రాబ్ పైక్ స్వయంగా రాశారు. తర్వాత ఆ చెత్త ఒక చోటికి చేరాలని ఒక ఒప్పందం వచ్చింది. సెట్టింగులు డాట్ కాన్ఫిగ్ అనే ఫోల్డరులో, ప్రోగ్రాములు దాచుకునే సామాను డాట్ లోకల్ కింద షేర్‌లో, పారేసినా నష్టం లేనివి డాట్ క్యాష్‌లో ఉండాలి. అందరూ పాటించరు కానీ చాలామంది పాటిస్తున్నారు. ఎక్స్‌ఎఫ్‌సీఈ పాటిస్తుంది.

పట్టీ కొలతలు డాట్ కాన్ఫిగ్ లోపల ఎక్స్‌ఎఫ్‌సీఈ4, దాని లోపల ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్, ఆ లోపల ఇంకో ఫోల్డరులో ఎక్స్ఎంఎల్ ఫైలుగా ఉంటాయి. పట్టీకి ఒక ఫైలు, కిటికీల చట్రాలకి ఒకటి, కీబోర్డుకి ఒకటి. పట్టీ ఫైలు తెరిచాను. సైజు అన్న చోట 26 ఉంది. 36 చేసి సేవ్ చేశాను. ఏమీ మారలేదు. లాగౌటయి మళ్లీ లాగిన్ అయితే వస్తుందనుకున్నాను. లాగిన్ అయి చూస్తే పట్టీ పాత ఎత్తులోనే ఉంది. ఫైలు తెరిస్తే అందులోనూ 26 ఉంది! నేను రాసిన 36 పూర్తిగా పోయింది.

మళ్లీ చేశాను, మళ్లీ పోయింది. ఒక గంట దీనికే పోయింది. చివరికి అర్థమైంది ఏమిటంటే, లాగిన్ అయినప్పటి నుంచీ ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్‌డీ అనే చిన్న ప్రోగ్రాము వెనక నడుస్తూ ఉంటుంది. అది ఫైలుని ఒక్కసారి చదివి విలువలన్నీ మెమరీలో పెట్టుకుంటుంది. తర్వాత ఏ మార్పొచ్చినా తన మెమరీలో ఉన్నదాన్నే ఫైలు మీద రాసేస్తుంది. మనం వెనకనుంచి ఫైలు దిద్దితే దానికి తెలియదు. నడుస్తున్న లెక్కల పుస్తకం గుమాస్తా చేతిలో ఉండగా మనం పాత కాపీలో దిద్దినట్టు అవుతుంది.

దారులు రెండు. ఒకటి, ఆ గుమాస్తాకే చెప్పడం. ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్-క్వెరీ అనే ఆదేశానికి ఫైలు పేరు, లోపలి దారి, కొత్త విలువ ఇస్తే వెంటనే తెరమీద మారుతుంది, ఫైల్లోనూ పడుతుంది. రెండోది, లాగౌట్ అయ్యాక కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్లతెర మీద లాగిన్ అయి, ఆ ప్రోగ్రాము నడవడం లేదని చూసుకుని ఫైలు దిద్దడం. ఒకటీ రెండూ మార్పులకి మొదటిది హాయి. పదిహేను వరుసలు మార్చాలంటే రెండోదే. ఏ దారైనా ముందు ఫైలుకి కాపీ తీసి, పేరు చివర తేదీ తగిలించి పక్కన పెట్టుకోవాలి. ఈ రోజు ఆ కాపీ రెండుసార్లు నన్ను కాపాడింది.

36కి మార్చాను. పట్టీలో 'శనివారం' పడింది. ఇందులో ఒత్తే లేదు! టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) తేదీ మార్చి చూడటం కన్నా సులువని, గడియారం ఫార్మాట్‌లో 'శుక్రవారం' అని నేరుగా రాసి చూశాను. క్రావడి పూర్తిగా కనిపించింది.

కిటికీల తలపట్టీ ఇంకా మొండికేసింది. దాని ఎత్తు అంకెగా ఎక్కడా ఉండదు. థీమ్‌లో ఉన్న చిన్న బొమ్మల ఎత్తే తలపట్టీ ఎత్తు. అక్షరం దానికన్నా పొడుగైతే కోత తప్పదు. ఎక్స్‌ఎఫ్‌సీఈతోపాటే డిఫాల్ట్-హెచ్‌డీపీఐ అనే థీమ్ వస్తుంది, దాని బొమ్మలు పెద్దవి. దానికి మార్చి, తలపట్టీ ఫాంటు ఒక పాయింటు తగ్గించాను. సరిపోయింది. పెద్ద బొత్తాలు రావడం నాన్నగారికి అదనపు లాభం, మూసే గుర్తు మీద మౌస్ గురి తప్పకుండా పడుతోంది.

మెనూల ఎడానికి డాట్ కాన్ఫిగ్ లోపల జీటీకే-3.0 ఫోల్డరులో జీటీకే డాట్ సీఎస్ఎస్ అని ఒక ఖాళీ ఫైలు చేశాను. మెనూ వరుసకి పైన 5, కింద 7 పిక్సెళ్లు ఎడం ఇచ్చాను. కింద ఎక్కువ ఎందుకంటే ఒత్తు కింద ఉంటుంది కాబట్టి. నాలుగే వరుసల ఫైలు. పట్టీని ఒకసారి ఆపి మళ్లీ నడిపిస్తే అమల్లోకి వచ్చింది.

జనవరి 14, భోగి

తెల్లవారుజామున మంట, మధ్యాహ్నం చుట్టాలు. పని జరగలేదు. భోజనాల దగ్గర నాన్నగారు ఒక మాట అన్నారు: "శుక్రవారం ఒక్కటీ చూసి సరిపోయిందనుకోకు. కార్త్స్న్యం అని కొట్టి చూడు. అది సరిగ్గా కనబడితే తెలుగులో కనబడనిది ఉండదు." రకారం, తకారం, సకారం, నకారం, యకారం, అయిదు హల్లులు ఒకదాని మీద ఒకటి. అసలైన పరీక్ష మాట దొరికింది. నేను దీనికి జ్యోత్స్న, రాష్ట్రం, వైశిష్ట్యం కూడా చేర్చి ఒక ఫైల్లో రాసి పెట్టుకున్నాను. ఇకనుంచి ఏ మార్పు చేసినా ముందు ఆ ఫైలు తెరిచి చూస్తాను.

జనవరి 15, సంక్రాంతి

పిండివంటల మధ్య దొరికిన మూడు గంటలూ ఫాంటులకే సరిపోయాయి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే.

డెబియన్‌లో తెలుగు ఫాంటుల ప్యాకేజీలు బాగానే ఉన్నాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఒక దాంట్లో వస్తాయి. సిలికానాంధ్ర తరఫున వచ్చిన ఫాంటులు తెలుగువిజయం అనే ప్యాకేజీలో ఉంటాయి. అవి ఎక్కించి జాబితా తెరిస్తే నాన్నగారు పక్కన కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టారు: పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. "భువనవిజయం అంతా దీన్లోనే ఉందే!" అన్నారు. ఆ తర్వాత ఒక్కొక్క ఫాంటులో ఒక్కొక్క కవి పద్యం పెట్టి చూపించమన్నారు. అరగంట అలా గడిచింది. పని వెనకబడిందని నాకేమీ అనిపించలేదు.

చివరికి ఆయన పద్యాలకి పోతన ఎంచుకున్నారు. మెనూలకీ తెరమీది మిగతా రాతలకీ నోటో సాన్స్ తెలుగు పెడదామని నేను అన్నాను, చిన్న సైజులో అది స్పష్టంగా ఉంటుంది.

ఫాంటుల క్రమం చెప్పే ఫైలు డాట్ కాన్ఫిగ్‌లో ఫాంట్‌కాన్ఫిగ్ ఫోల్డరులో ఫాంట్స్ డాట్ కాన్ఫ్. ముందు లేదు, మనమే చెయ్యాలి. పాత పుస్తకాల్లో ఇంటి ఫోల్డరులోనే చుక్క పెట్టి ఫాంట్స్ డాట్ కాన్ఫ్ అని రాయమంటారు. అది పాత పద్ధతి, ఇప్పుడు వద్దు.

మొదటి ప్రయత్నంగా సాన్స్ (అక్షరాల కొసల్లో చిన్న గీతల్లేని రకం) అని ఏ ప్రోగ్రామడిగినా ముందు మండలి అనే తెలుగు ఫాంటు ఇవ్వమని రాశాను. తెలుగు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ కూడా మారిపోయాయి, ఎందుకంటే ఆ ఫాంటులో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉన్నాయి. ముందు ఎవరిని అడిగితే వాళ్లే తమ దగ్గరున్నవన్నీ ఇచ్చేస్తారు. కిటుకు ఏమిటంటే, తెలుగు అక్షరాలు అసలే లేని ఇంగ్లీషు ఫాంటుని ముందు పెట్టాలి, తెలుగు ఫాంటుని రెండో వరసలో పెట్టాలి. అప్పుడు 'ఏ, బీ, సీ'లు మొదటి ఫాంటులో దొరుకుతాయి. 'అ, ఆ'లు అక్కడ దొరకవు కాబట్టి రెండోదాని దగ్గరికి వస్తాయి. నోటో సాన్స్, దాని తర్వాత నోటో సాన్స్ తెలుగు. సెరిఫ్ (ఆ గీతలున్న రకం) అని అడిగితే నోటో సెరిఫ్, దాని తర్వాత పోతన. ఇలా రెండు ముక్కలు రాశాను.

రాసి సేవ్ చేసి చూస్తే మొత్తం పాత ఫాంటులకే వెళ్లిపోయింది. టెర్మినల్లో ఎఫ్‌సీ-మ్యాచ్ అని అడిగితే ఫైల్లో 6వ వరుస సరిగా లేదని చెప్పింది. 6వ వరుసలో ఆదేశమే లేదు, నేను తెలుగులో రాసుకున్న వ్యాఖ్య ఉంది. అందులో ఒక చోట రెండు అడ్డగీతలు పక్కపక్కన పెట్టాను. ఎక్స్ఎంఎల్‌లో వ్యాఖ్య లోపల జంట అడ్డగీతలు రాకూడదు, అది వ్యాఖ్య ముగింపుకి గుర్తు. గీతలు తీసేసి కామా పెడితే వెంటనే పనిచేసింది. ఫైల్లో ఒక్క చోట తప్పుంటే ఆ ఫైలు మొత్తాన్ని పక్కన పెట్టేస్తుంది కాబట్టి, సేవ్ చేసిన ప్రతిసారీ ఎక్స్ఎంఎల్ లింట్ అనే పనిముట్టుతో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఒక్క మాట. ఈ ఫైళ్లలో వ్యాఖ్యలు నేను తెలుగులోనే రాస్తున్నాను. 'ఇది ఎందుకు 7, ఒత్తు కింద తెగకుండా' అని. రెండేళ్ల తర్వాత ఈ ఫైలు తెరిచేది నేనే కావచ్చు, నాన్నగారు కావచ్చు. ఇద్దరికీ అర్థమయ్యే భాష ఉండగా వేరే భాషలో ఎందుకు రాయాలి?

పరీక్ష ఫైలు తెరిచాను. రాష్ట్రం, జ్యోత్స్న, వైశిష్ట్యం బాగున్నాయి. కార్త్స్న్యం పొందిగ్గా నిలబడింది. టెర్మినల్లో మాత్రం ఒత్తులు విడివిడిగా చెదిరి పడుతున్నాయి. ప్రతి అక్షరానికీ సమానమైన గడి ఇచ్చే పద్ధతి వల్ల తెలుగు అక్కడ కుదరదు. దానికి ఫాంటు ఫైల్లో మందు లేదు. నాన్నగారికి టెర్మినల్‌తో పని లేదు కనుక వదిలేశాను.

ఇంకొక చిన్న మార్పు. అక్షరాల అంచుల్ని పిక్సెళ్లకి సర్ది నొక్కే హింటింగ్‌ని 'కొద్దిగా' అన్న స్థాయికి తగ్గించాను. పూర్తిగా ఉంటే ఈ తెరమీద గుండ్రటి అక్షరాలు ఒక్కోటి ఒక్కో మందంలో కనిపిస్తున్నాయి.

జనవరి 16, కనుమ

కీబోర్డు రోజు.

ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులోకి మారే పద్ధతి పెడదామా అని అడిగాను. నాన్నగారు ఒప్పుకోలేదు. "తెలుగు రాయడానికి ముందు ఇంగ్లీషులో ఆలోచించాలా?" అన్నారు. అయితే ఇన్‌స్క్రిప్ట్. భారతీయ ప్రమాణాల సంస్థ 1991 ప్రమాణంలో ఉన్న అమరిక ఇది. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. మీటల పటం కాగితం మీద గీసి ఇచ్చాను. ఐదు నిమిషాలు చూసి తలెత్తారు.

"క మీదే ఖ ఉంది. గ మీద ఘ. షిఫ్ట్ నొక్కితే అల్పప్రాణం మహాప్రాణం అవుతోంది. ఎవరో వర్ణమాల తెలిసినవాళ్లే చేశారమ్మా దీన్ని."

అంతే, ఇంక ఆయనకి నేర్పాల్సిన పని లేకపోయింది.

భాష మార్చడానికి క్యాప్స్ లాక్ మీట ఇచ్చాను. తెలుగులో పెద్దబడి అక్షరాలు లేవు, ఆ మీట ఊరికే ఉంటుంది. ఈ సంగతి కీబోర్డ్-లేఅవుట్ ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఉంటుంది. లేఅవుట్ దగ్గర 'యూఎస్, ఐఎన్' అని రాసి, క్యాప్స్ తంతు రాసి ఊరుకున్నాను. నాన్నగారు మీట నొక్కి కొడితే దేవనాగరి పడింది! ఐఎన్ అంటే ఇండియా అంతా, ఏ భాషో చెప్పకపోతే దేవనాగరే తీసుకుంటుంది. ఏ భాషో చెప్పే వరుస వేరే ఉంది, దాన్ని వేరియంట్ అంటారు. అక్కడ ముందు ఒక కామా పెట్టి తర్వాత టీఈఎల్ అని రాయాలి. కామాకి ముందు ఖాళీ ఇంగ్లీషుది, కామా తర్వాతది ఇండియాది. ఆ ఖాళీ కూడా లెక్కలోదే.

తర్వాత అసలు చిక్కొచ్చింది. అరసున్నా, బండి ర ఇన్‌స్క్రిప్ట్‌లో ఉన్నాయి. కానీ వ్యాకరణ పాఠాలకి దంత్య చ, దంత్య జ కావాలి. అంటే ౘ, ౙ. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో ఇవి 2008లో చేరాయి, ఈ అమరికలో వాటికి మీటల్లేవు.

దీనికోసం ఇంటి ఫోల్డరులో డాట్ ఎక్స్‌కంపోజ్ అనే ఫైలుంది. కంపోజ్ అని ఒక మీటని నియమించుకుంటాం, నేను కుడి కంట్రోల్ ఇచ్చాను. అది నొక్కి, తర్వాత రెండు మీటలు నొక్కితే, ఫైల్లో మనం చెప్పిన అక్షరం పడుతుంది. మొదటి వరుసలోనే పాత జాబితాని కలుపుకోమని చెప్పాలి, లేకపోతే సిస్టంలో ముందునుంచీ ఉన్న కలయికలన్నీ పోతాయి. రెండో వరుసలో 'కంపోజ్, సీ, సీ అయితే ౘ' అని రాశాను.

ఇంగ్లీషులో ఉండగా పనిచేస్తోంది, తెలుగులో ఉండగా చెయ్యడం లేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. తెలుగులో ఉన్నప్పుడు సీ అనే మీటే ఉండదు. ఆ మీట నొక్కితే వేరే తెలుగు అక్షరం వస్తుంది, కంప్యూటరుకి అందేదీ ఆ అక్షరమే. కాబట్టి ఫైల్లో కూడా తెలుగు అక్షరమే చెప్పాలి, దాని యూనికోడ్ సంఖ్యతో. చ సంఖ్య 0సీ1ఏ. 'కంపోజ్, యూ0సీ1ఏ, యూ0సీ1ఏ అయితే ౘ' అని మార్చాను. జ కూడా అలాగే, 0సీ1సీ రెండుసార్లు. ప్రోగ్రాములన్నీ మూసి మళ్లీ తెరిస్తే, కంపోజ్ నొక్కి రెండుసార్లు చ కొట్టగానే ౘ వచ్చింది. నాన్నగారు 'ౘాప', 'ౙాము' కొట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

"నేను బళ్లో బోర్డు మీద చ పైన అంకె వేసి చెప్పేవాణ్ణి," అన్నారు.

ఒక హెచ్చరిక: 2008కి ముందు తయారై, తర్వాత మారని ఫాంటుల్లో ఈ అక్షరాలుండవు. అప్పుడు పక్క ఫాంటు నుంచి తెచ్చుకుంటుంది, మందం తేడా తెలుస్తుంది. నోటోలో ఉన్నాయి.

జనవరి 17, బుధవారం

ఈ రోజు నాకు నిజంగా టెన్షన్ వచ్చింది.

భాష తెలుగుకి మార్చాక లాగిన్ అయినప్పుడు ఇంట్లోని ఫోల్డర్ల పేర్లు కూడా తెలుగులోకి మార్చమంటావా అని ఒక కిటికీ అడిగింది. అప్పుడు వద్దన్నాను. ఇప్పుడు నాన్నగారు పాఠాల ఫోల్డరు పేరు 'పాఠాలు' అనీ, డెస్క్‌టాప్ తెలుగులోనే ఉండాలనీ అన్నారు. ఇది డాట్ కాన్ఫిగ్‌లోని యూజర్-డిర్స్ డాట్ డిర్స్ అనే ఫైల్లో ఉంటుంది. ఏ పనికి ఏ ఫోల్డరో వరుసకొకటి. దాంట్లో పేర్లు మార్చాను, అదే పేర్లతో ఫోల్డర్లు చేశాను, పాత వాటిలోంచి సామాను మార్చాను, లాగిన్ అయ్యాను.

తెరంతా గజిబిజి. ఇంటి ఫోల్డరులో ఉన్నవన్నీ డెస్క్‌టాప్ మీద పరుచుకున్నాయి. పాఠాలు, ఫోటోలు, డౌన్‌లోడ్లు అన్నీ. అమ్మ పక్కనుంచి చూసి "ఏవైనా పోయాయా?" అంది. ఏవీ పోలేదు, కానీ చెప్పడానికి నాకే ధైర్యం చాల్లేదు.

యూజర్-డిర్స్ తెరిస్తే డెస్క్‌టాప్ వరుసలో నేను రాసిన పేరు లేదు, ఇంటి ఫోల్డరు పేరే ఉంది. లాగిన్ అయినప్పుడు ఒక ప్రోగ్రాము ఈ ఫైలు చదివి, అందులో చెప్పిన ఫోల్డరు లేకపోతే ఇంటి ఫోల్డరునే దాని బదులు పెట్టేస్తుంది. కానీ ఫోల్డరు ఉంది కదా! కళ్లెదురుగా, అదే పేరుతో. ఫైలు కాపీలోని పేరునీ ఫోల్డరు పేరునీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూశాను. ఒకటే.

చివరికి రెండు పేర్లనీ బైట్లుగా విడదీసి చూశాను. అక్షరాల్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, ప్రతిదీ ఈ0తో మొదలవుతుంది. ఫైల్లోని పేరు చివర మాత్రం ఇంకో మూడు బైట్లు అదనంగా ఉన్నాయి: ఈ2, 80, 8సీ. అది కంటికి కనిపించని గుర్తు, పొల్లు తర్వాత హల్లు ఒత్తుగా మారకుండా ఆపేది. 'డెస్క్‌టాప్‌లో' అని నేను ఇంకోచోట రాసుకున్న మాట కాపీ చేసి 'లో' చెరిపేశాను. 'లో'కి ముందున్న ఆ గుర్తు అలాగే ఉండిపోయింది. చూసే కంటికి 'డెస్క్‌టాప్' ఒకటే, కంప్యూటరుకి అవి రెండు వేర్వేరు పేర్లు.

గుర్తు చెరిపి, వరుస తిరిగి రాసి, లాగిన్ అయ్యాను. తెర శుభ్రంగా ఉంది. ఫైళ్లలో తెలుగు పేర్లు రాసేవాళ్లు ఎవరైనా సరే, కాపీ చెయ్యకుండా చేత్తో కొట్టండి. లేదా మధ్యలో ఈ గుర్తు అక్కర్లేని మాట ఎంచుకోండి. నేను డెస్క్‌టాప్ ఫోల్డరు పేరు 'బల్ల' అని మార్చేశాను. నాన్నగారికి అది నచ్చింది.

జనవరి 18, హైదరాబాద్ బస్సెక్కే ముందు

మిగిలిన చిన్న పనులు గబగబా అయ్యాయి. మెనూలో రైటర్ ప్రోగ్రాము పేరు 'వ్రాత' అని రావాలన్నారు. సిస్టంలోని డాట్ డెస్క్‌టాప్ ఫైలుని డాట్ లోకల్ కింద షేర్‌లోని అప్లికేషన్స్ ఫోల్డరులోకి కాపీ చేసి, తెలుగు పేరు వరుస మార్చాను. ఇంటి ఫోల్డరులోది ఉంటే సిస్టం దాన్నే చూస్తుంది, అసలు ఫైలు ముట్టుకోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌కి దాని ప్రొఫైల్ ఫోల్డరులో యూజర్ డాట్ జేఎస్ అని రెండు వరుసల ఫైలు పెట్టాను. తెలుగు పేజీలకి ఫాంటు నోటో, అక్షరం 18 పిక్సెళ్లకన్నా చిన్నది కాకూడదు. ఫైర్‌ఫాక్స్ తెరిచిన ప్రతిసారీ ఆ ఫైలు చదువుతుంది కనుక ఎవరైనా పొరపాటున మార్చినా తర్వాతి రోజుకి సరవుతుంది.

నేను దిద్దిన ఫైళ్లన్నీ లెక్కపెట్టాను. తొమ్మిది. అన్నీ కలిపి ఒక గిట్ (ఎప్పుడు ఏం మారిందో గుర్తుంచుకునే పనిముట్టు) ఫోల్డరులో పెట్టి, పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ, నా దగ్గర ఒక కాపీ.

జనవరి 28, ఆదివారం, హైదరాబాద్

నాన్నగారు ఫోన్ చేశారు. ఉత్పలమాల, చంపకమాల పాఠాలు పూర్తయ్యాయట, పద్నాలుగు పేజీలు. గణాలకి గురువు లఘువుల గుర్తులు పద్యం కింద నిలువుగా సరిగ్గా కూర్చోవడం లేదన్నారు. స్పేసులు కొట్టి సర్దుతున్నారు. పట్టిక గీసుకుంటే సరిగా కూర్చుంటాయని చెప్పాను. ఇది చుక్క ఫైళ్లతో తీరేది కాదు.

మరో సంగతి అడిగారు. చుక్క ఫైళ్లు చూపించే మీటలేవని. కంట్రోల్, హెచ్ అని చెప్పాను. ఎందుకని అడిగితే "ఊరికే, చూద్దామని" అన్నారు.

ఫిబ్రవరి 4, ఆదివారం

రెండు రోజుల సెలవు దొరికి తణుకు వచ్చాను. లాప్‌టాప్ తెరిచి గిట్‌లో తేడాలు చూస్తే ఒక ఫైలు మారి ఉంది. డాట్ ఎక్స్‌కంపోజ్. నేను మార్చలేదు.

తెరిచాను. నేను రాసిన రెండు వరుసల కింద మూడోది ఉంది. కంపోజ్, అ, అ అయితే ఽ. అవగ్రహం. సంఖ్య 0సీ3డీ, సరిగ్గా రాశారు. అక్షరాల సంఖ్యల పటం కావాలని ఆయన అడిగితే 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకూ 128 గడులతో అచ్చేసి ఇచ్చి వెళ్లాను, అది గోడకి అంటించి ఉంది. పక్కనే ఫైలు పాత కాపీ కూడా ఉంది, పేరు చివర తేదీతో, నేను చేసినట్టే.

వరుసకి పైన తెలుగులో వ్యాఖ్య రాసుకున్నారు:

'కోఽపి అని రాయవలసి వచ్చినది. మీటలలో దొరకలేదు. అమ్మాయి చూపిన పద్ధతిలో చేర్చితిని. లాగౌట్ అయి వచ్చిన పిమ్మట పనిచేసినది.'

నేను గిట్‌లో ఆ మార్పు భద్రం చేశాను. చేసినవాళ్ల పేరు దగ్గర నాన్నగారి పేరు రాశాను.